మడత కత్తితో గడ్డం గీసుకోవాలంటే: చెయ్యి కంటే ముందు అంచు కుదరాలి

మీరు మూడు సంగతులు అడిగారు. ఇంట్లో స్ట్రెయిట్ రేజర్‌తో, అంటే మడత కత్తితో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాలంటే ఏ కత్తి కొనాలి, ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు కనిపిస్తున్న కత్తి సరిపోతుందా, గొంతు దగ్గర తెగకుండా ఎలా గీయాలి. మూడోదానితో మొదలుపెడతాను. కొత్తవాళ్లందరి భయమూ అదే, అసలు కష్టం మాత్రం అక్కడ లేదు. మెడ దగ్గర ప్రతివాడూ ఊపిరి బిగబట్టి మరీ జాగ్రత్తపడతాడు కాబట్టి అక్కడ పెద్దగా తెగదు. తెగేది చెవి తమ్మె కింద, పెదవి మూలల్లో, చుబుకం మలుపు దగ్గర. అంటే ధ్యాస తప్పేచోట. పైగా జనం నెల తిరక్కుండా మానేసేది తెగినందుకు కాదు, కత్తి పీకుతున్నందుకు. అది పీకడానికి కారణం చాలావరకు చెయ్యి తిరగకపోవడం కాదు, అంచు పోవడం. ఆ అంచు కూడా గడ్డం మీద పోదు, దాన్ని సరిచేసుకునే తోలుపట్టీ మీద పోతుంది. అందుకే ఈ జవాబులో చాలా భాగం అంచు గురించే ఉంటుంది.

ముందు ఒక తేడా తెలియాలి. ఇప్పుడు మన సెలూన్లలో కనిపించేది అసలు స్ట్రెయిట్ రేజర్ కాదు. మామూలు రెండంచుల బ్లేడును నిలువునా సగానికి విరిచి అందులో బిగించే కత్తి. షావెట్ అంటారు. మనిషికో కొత్త అర బ్లేడు వేస్తారు కాబట్టి సెలూన్‌కు అదే సరైనది. అసలు కత్తి ఒకే ఉక్కు ముక్క. వెన్ను మందంగా, అంచు పల్చగా ఉంటుంది. బ్లేడు మార్చడం ఉండదు, తోలు మీద సరిచేసుకుంటూ ఏళ్ల తరబడి వాడాలి.

షావెట్ చవక కాబట్టి నేర్చుకోవడానికి అదే తేలికని చాలామంది చెబుతారు. ఖర్చు మాట నిజమే, తేలిక మాట కాదు. అర బ్లేడు మూలలు సూదుల్లా ఉంటాయి, కత్తి బరువు తక్కువ, దాంతో తెలియకుండానే చెయ్యి నొక్కుతుంది. అసలు కత్తి క్షమించే తప్పును షావెట్ క్షమించదు. నా సలహా ఇది: ఈ పని మీకు నచ్చుతుందో లేదో తెలియకపోతే షావెట్ తీసుకోండి, పోయేది కొన్ని వందలే. నచ్చుతుందని నమ్మకం ఉంటే నేరుగా అసలు కత్తికే వెళ్లండి. షావెట్ తీసుకుంటే బ్లేడును కాగితంలో ఉండగానే నిలువునా మడిచి విరవండి, వేళ్లు తెగవు. బిగించాక అంచు కత్తి పొడవునా ఒకే కొలతలో బయటికి కనిపించాలి. ఒక కొస ఎక్కువ, ఒక కొస తక్కువ ఉంటే ఎక్కువున్న వైపే గీత పడుతుంది. ఒక ముక్క మూడు గడ్డాలకు మించి వాడొద్దు. తీసిన ముక్కలను మూతున్న డబ్బాలో పోగుచెయ్యండి. విడిగా చెత్తలో వేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులు తెగుతాయి.

ఇక ఆ నాలుగైదు వందల కత్తి. కొనకండి. ఆకారం కత్తిదే, పని కత్తిది కాదు. ఉక్కు సరిగ్గా గట్టిపడి ఉండదు, వెన్ను నిటారుగా ఉండదు, ఎంత నూరినా అంచు నిలవదు. ఏ కత్తినైనా చేతిలోకి తీసుకోగానే చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. చదునైన గాజు పలక మీద కత్తిని పడుకోబెట్టండి. వెన్ను, అంచు రెండూ పొడవునా గాజును తాకాలి. వేలితో నెమ్మదిగా ఒక కొస తాకితే రెండో కొస లేచి ఊగుతోందంటే కత్తి మెలి తిరిగి ఉంది. అది కూరగాయలకే.

కొత్త కత్తుల్లో జర్మనీలోని జోలింగెన్, ఫ్రాన్స్‌లోని తియేర్ ఊళ్లవి నమ్మదగినవి. జోలింగెన్ పేరును కత్తి మీద ఎవరు పడితే వాళ్లు వేసుకోకుండా జర్మనీలో 1938 నుంచి చట్టరక్షణ ఉంది. డోవో, రాల్ఫ్ ఆస్ట్ కంపెనీలు జోలింగెన్‌వి. తియేర్ ఇస్సార్ కంపెనీ ఫ్రాన్స్‌ది. వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. మీకు 5/8 గానీ 6/8 గానీ సరిపోతుంది, అంటే సుమారు 16 నుంచి 19 మిల్లీమీటర్లు. అంతకన్నా వెడల్పైతే ముక్కు కింద తిరగదు. కొస గుండ్రంగా ఉన్నదే తీసుకోండి. చదరపు కొస చూడ్డానికి బాగుంటుంది, మొదటి నెలలో చెవి తమ్మెకు గుచ్చుకునేది అదే. పక్కలు లోతుగా చెక్కి అంచు పల్చగా చేసిన కత్తిని ఫుల్ హాలో అంటారు. వెంట్రుక తెగుతుంటే అది సన్నగా కరకరమంటుంది. ఆ చప్పుడు వింటూ నేర్చుకోవడం తేలిక, కోణం తప్పగానే చప్పుడు మారుతుంది.

తాతగారి ట్రంకుపెట్టెలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేసిన పాత కత్తో, జోలింగెన్ కత్తో ఉంటే పారేయకండి. నల్లటి మరకలతో నష్టం లేదు. అంచు మీదే తుప్పు గుంతలున్నా, జుట్టంత పగులు కనిపించినా, అంచు మధ్యలో లోపలికి వంగి అరిగినా దాన్ని గుర్తుగా దాచుకోవడమే మేలు. పాత కత్తి, కొత్త కత్తి ఏదైనా అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటే: "గడ్డానికి సిద్ధంగా చేత్తో నూరి ఇస్తున్నారా?" ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంచు చాలాసార్లు చేతి రోమాలు తెంపుతుంది, గడ్డం దగ్గర పీకుతుంది. సొంతంగా నూరుకుందామనే ఆలోచన మొదటి మూడు నెలలు పెట్టుకోవద్దు. మంచి అంచు ఎలా ఉంటుందో ముఖానికి ముందు తెలియాలి. తెలియకుండా నూరితే ఎక్కడ ఆపాలో తెలియదు.

ఇప్పుడు తోలుపట్టీ. స్ట్రాప్ అంటారు. రెండు నుంచి మూడు అంగుళాల వెడల్పు, ఒకవైపు గుడ్డ, ఒకవైపు తోలు ఉన్నది తీసుకోండి. మొదటిది చవకదే కొనండి, ఎందుకంటే దాన్ని మీరు కోస్తారు. కొయ్యని కొత్తవాడు లేడు. పాత బెల్టు పనికొస్తుందా అంటే, పైన రంగు పూతలేని నున్నటి తోలైతే పనికొస్తుంది. ఇప్పుడు దొరికే బెల్టుల్లో చాలావాటికి ప్లాస్టిక్ పూత ఉంటుంది, దానివల్ల ఉపయోగం లేదు.

గడ్డం గీసినప్పుడు అంచు అరిగేది తక్కువ, కంటికి కనిపించనంతగా అటూ ఇటూ వంగేది ఎక్కువ. తోలు ఆ వంగినదాన్ని నిటారు చేస్తుంది. కొత్త పదును పుట్టించదు. ఇది అర్థమైతే మిగతా నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. పట్టీని కొక్కేనికి తగిలించి బిగుతుగా లాగి పట్టుకోవాలి. వదులుగా ఉంటే తోలు కిందికి కుంగి, అంచు దాటగానే పైకి లేస్తుంది. ఆ లేచిన తోలు అంచును గుండ్రం చేసేస్తుంది. కత్తిని వెన్ను, అంచు రెండూ తోలును తాకేలా పూర్తిగా పడుకోబెట్టాలి. వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. కొసకు చేరాక కత్తిని తోలు మీద నుంచి ఎత్తకుండా, వెన్ను మీదే దొర్లించి అవతలి వైపుకు తిప్పి వెనక్కి రావాలి. అంచు మీద దొర్లిస్తే తోలూ పోతుంది, అంచూ పోతుంది. బరువు కత్తిదే చాలు, మీ చెయ్యి బరువు కలపొద్దు.

ఆ దొర్లింపు మణికట్టుతో కాదు, బొటనవేలు, చూపుడువేలు మధ్య కత్తి మెడను, అంటే అంచుకూ ఇరుసుకూ మధ్య ఉండే సన్నటి భాగాన్ని తిప్పుతూ చెయ్యాలి. మొదటి వారం బ్రెడ్డుకు వెన్న రాసే మొండి కత్తితో రోజూ 5 నిమిషాలు ఇదొక్కటే సాధన చేయండి. తరవాత అసలు కత్తి. గడ్డానికి ముందు గుడ్డ మీద 20 నుంచి 25 సార్లు, తోలు మీద 50 నుంచి 60 సార్లు. పోయి వస్తే ఒకసారి లెక్క. సెలూన్లో పాతకాలంలో టపటపా కొట్టిన వేగం చూసి మోసపోకండి, అది ఏళ్ల అలవాటు. ఆ 60 సార్లకు మీకు మూడు నాలుగు నిమిషాలు పడితే సరిగ్గానే చేస్తున్నట్టు. తోలుకు కొబ్బరినూనె, ఆముదం రాయొద్దు, జిగురుపట్టి దుమ్మును లాగుతుంది. శుభ్రమైన అరచేత్తో రుద్దితే చాలు. పట్టీ పక్క అంచున చిన్న కోత పడితే సన్నటి గరుకు కాగితంతో నున్నగా చేయొచ్చు, మధ్యలో లోతుగా పడితే పట్టీ మార్చాల్సిందే.

పదును చూడ్డానికి బొటనవేలు అంచు వెంట జరపకండి. కత్తిని అంచు పైకి ఉండేలా ట్యూబ్‌లైటు కింద పట్టి కొద్దికొద్దిగా ఊపండి. మంచి అంచు వెలుతురును తిప్పి కొట్టదు, అక్కడ అసలు గీతే కనిపించదు. తెల్లగా సన్నటి గీత మెరిసినా, చుక్క తళుక్కుమన్నా ఆ చోట అంచు చదునైందనో, పెచ్చు లేచిందనో అర్థం. ఆ చుక్క చెంప మీద ఒక్క క్షణం జివ్వుమనిపిస్తుంది, మీరేమో చెయ్యి తప్పిందనుకుంటారు.

గడ్డం నానబెట్టడంలో తొందరపడితే పై కష్టమంతా వృథా. స్నానం చేసిన వెంటనే గీసుకోవడం అన్నిటికన్నా మేలు. లేదంటే గోరువెచ్చని నీళ్లలో తడిపిన తువ్వాలు రెండు మూడు నిమిషాలు ముఖానికి పెట్టుకోవాలి. నీళ్లు పీల్చిన వెంట్రుక బాగా మెత్తబడుతుంది. స్ప్రే డబ్బా నురగ వద్దు, త్వరగా ఆరిపోతుంది. బ్రష్షును నీళ్లలో ముంచి, విదిలించి, బాదంగింజంత క్రీముతో ముఖం మీద నిమిషం పాటు గుండ్రంగా తిప్పండి. నురగ చిలికిన పెరుగులా నిగనిగలాడాలి. బుడగలు కనిపిస్తే నీళ్లు ఎక్కువయ్యాయి, పిండిలా పొడిపొడిగా ఉంటే తక్కువయ్యాయి. ఎంత తిప్పినా నురగ నిలవట్లేదంటే తప్పు సబ్బుది కాకపోవచ్చు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి సబ్బును విరిచేస్తాయి. నురగ వరకు ఒక గ్లాసు ఆర్‌వో నీళ్లు వాడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అలాగే ఫ్యాను ఆపెయ్యండి. చిన్న మాటే, కానీ ఫ్యాను కింద ఒక చెంప పూర్తయ్యేలోపు రెండో చెంప ఆరిపోతుంది, ఆరిన నురగ మీద కత్తి జారదు.

పట్టు ఇలా. పిడిని పూర్తిగా వెనక్కి తెరవండి. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు కత్తి మెడ వెనక, చిటికెనవేలు ఇరుసు అవతల తోకలా పొడుచుకొచ్చే కొస మీద, బొటనవేలు మెడ పక్కన. గట్టిగా బిగించొద్దు. పిచ్చుకపిల్లను పట్టుకున్నంత ఒడుపు చాలు. కత్తిని చెంపకు పూర్తిగా ఆనించి, వెన్నును కొద్దిగా లేపండి. వెన్నుకీ చర్మానికీ మధ్య సందు వెన్ను మందానికి రెండింతల లోపు ఉండాలి. అది దాదాపు 30 డిగ్రీల కోణం. అంతకన్నా పడుకుంటే వెంట్రుకను పీకుతుంది, 45 దాటితే చర్మాన్ని గీకుతుంది. మొదటి వారాల్లో వచ్చే మంటకు ముప్పావు వంతు కారణం ఈ రెండో తప్పే అని నా అంచనా.

రెండో చెయ్యి పని చర్మాన్ని లాగి పట్టడం. కత్తి ఎటు పోతోందో దానికి ఎదురు దిక్కున లాగాలి. వేళ్లు తడిగా ఉంటే జారతాయి, ఆ వేళ్లకు ముందుగా తడిపిన పటిక రుద్దుకుంటే పట్టు చిక్కుతుంది. గీతలు రెండు మూడు సెంటీమీటర్లకు మించకూడదు. కత్తి ఎప్పుడూ అంచుకు అడ్డంగానే కదలాలి, అంచు పొడవునా పక్కకు జరగకూడదు. ఈ ఒక్క నియమం మరిచిపోకండి. కూరగాయలు తరిగేది పక్కకు జరిగే కదలికతోనే, చర్మం తెగేదీ దానితోనే. ముఖం మీద ఉండగా తుమ్ము వస్తున్నట్టనిపిస్తే ముందు కత్తి తీసెయ్యండి. జారితే పట్టుకోబోకండి, పడనివ్వండి. వాష్‌బేసిన్‌లో ముందే తువ్వాలు పరిచి ఉంచితే మీ కాలూ బతుకుతుంది, అంచూ బతుకుతుంది. కుళాయికి తగిలినా చాలు, పెచ్చు లేచిపోతుంది.

మొదటి రోజే ముఖమంతా గీయాలని చూడొద్దు. గీయడం మొదలుపెట్టిన మొదటి వారం రెండు చెంపలే, మిగతాది మీరు రోజూ వాడే రేజర్‌తో. కుడిచేతివాటం వాళ్లు కుడి చెంప కుడిచేత్తో చెవి పక్క నుంచి కిందికి గీయాలి. ఎడమ చెంపకు ఎడమచెయ్యి నేర్చుకోవడం మంచిది. మొదట విచిత్రంగా ఉంటుంది కానీ, కుడిచేత్తో ముఖానికి అడ్డంగా తిప్పితే చెయ్యి అద్దాన్ని మూసేస్తుంది. రెండో వారం దవడ కింద, మెడ. మూడో వారం పై పెదవి, చుబుకం. మెడ మొదలుపెట్టే ముందు రెండు రోజులు గడ్డం పెంచి, వేలితో నాలుగు దిక్కులా నిమిరి చూడండి. ఎటు నిమిరితే నున్నగా ఉందో అదే వాలు. మెడ మీద చాలామందికి వెంట్రుకలు పక్కకో, పైకో తిరిగి ఉంటాయి. కిందికి గీయడం వాలుకు గీయడమని అనుకుని ఎదురు గీసేస్తారు, ఎర్రటి పొక్కులు వచ్చాక కత్తిని తిడతారు.

గొంతు ముడి మీద నేరుగా గీయకండి. అక్కడి చర్మాన్ని వేళ్లతో పక్కకు, చదునైన చోటికి లాగి గీయండి. పై పెదవికి ముక్కు కొస పైకెత్తి, కత్తి కొస వైపు భాగంతో చిన్న గీతలు. పళ్ల మీదికి పెదవిని సాగదీస్తే చదునవుతుంది. చుబుకం అన్నిటికన్నా మొండిది. అక్కడ వెంట్రుక బిరుసు, కింద ఎముక గుండ్రం. కింది పెదవిని పళ్ల మీదికి లోపలికి మడిచి, పక్కల నుంచి నడిమికి రండి. మొదటి రెండు నెలలు వాలుకు ఒకసారి, అవసరమైతే అడ్డంగా ఒకసారి. ఎదురు గీత ఇప్పుడు వద్దు. ఉంగరాల వెంట్రుకలున్నవాళ్లకు ఎదురు గీతతో వెంట్రుక చర్మం లోపలికే తిరిగి పొక్కులవుతుంది. వాళ్లు దాన్ని ఎప్పటికీ మానేసినా నష్టం లేదు. మొటిమలు విరివిగా ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, గాయం మానితే చర్మం గడ్డకట్టి ఉబ్బే తత్వం ఉన్నవాళ్లు అసలు మొదలుపెట్టే ముందే డాక్టరును అడగండి.

అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి, తడిపిన పటిక ముఖమంతా రాసి అర నిమిషం ఉంచి కడిగెయ్యండి. ఎక్కడ చురుక్కుమందో అక్కడ కోణం తప్పిందని లెక్క. చిన్న గాటుకు పటిక నొక్కి పడితే చాలు. పెద్దదైతే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు తీసి చూడకుండా అదిమి పట్టాలి. ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకుని ఉన్నా కుట్లు కావాలి. మీ కత్తి అన్నదమ్ములకు కూడా ఇవ్వకండి. హెపటైటిస్ బి, సి లాంటివి కంటికి కనిపించని రక్తంతోనే అంటుకుంటాయి.

కార్బన్ ఉక్కుకు తడి శత్రువు. కడిగి, మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి అంచు వైపు తుడిచి, పట్టీకి గుడ్డ ఉన్న వైపు పదిసార్లు తిప్పి, గంటసేపు తెరిచి ఆరనివ్వండి. పిడి మడిచే ఇరుసు దగ్గర నీళ్లు దాక్కుంటాయి, తుప్పు మొదలయ్యేది అక్కడే. బాత్‌రూమ్‌లో ఎప్పుడూ ఉంచొద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి రాత్రికి రాత్రే మచ్చలు పడతాయి. అక్కడ కుట్టుమిషను నూనె ఒక చుక్క పలచగా పూసి, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లంతో డబ్బాలో పెట్టండి. విమానంలో వెళ్తుంటే చెక్ఇన్ సామానులోనే, చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో పోతుంది.

రోజూ గీసుకునేవాళ్లకు ఒక మంచి అంచు కొన్ని నెలలు వస్తుంది. తోలు మీద తిప్పినా పీకడం ఆగకపోతే ముందే నూరే రాయి దాకా పోకండి. వేరే తోలుముక్క మీద మెరుగు పెట్టే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ ముద్ద పలచగా రాసి 10 సార్లు తిప్పి, తరవాత మామూలు తోలు మీద 50 సార్లు తిప్పండి. రోజూ వాడే పట్టీకి ఆ ముద్ద రాయొద్దు. దానితోనూ కుదరకపోతే నూరడమే. అంచు దెబ్బతినకుండా మొండిబారడమే అయితే 8000, ఆ తరవాత 12000 నంబరు రాళ్లు చాలు; నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన. పెచ్చు లేస్తేనే 1000 నుంచి మొదలుపెట్టాలి. రాయి మీద కత్తి అంచు ముందు నడుస్తుంది, తోలుకు సరిగ్గా తలకిందులు. కోణం మీరు పట్టక్కర్లేదు, వెన్ను, అంచు రెండూ రాయికి ఆనితే కోణం కత్తే చూసుకుంటుంది. వంటింటి సానరాయి దీనికి మరీ గరుకు. ఇక వీధిలో సైకిలు చక్రం తిప్పుతూ కత్తులకు సాన పట్టేవాళ్ల దగ్గరికి మాత్రం దీన్ని తీసుకెళ్లకండి. వాళ్లు కొడవళ్లకు, కత్తిపీటలకు మంచి పనివాళ్లే. కానీ ఆ చక్రం వేడికి ఇంత పల్చటి అంచు క్షణంలో నీలం తిరుగుతుంది, నీలం తిరిగిన ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఆ తరవాత దాని మీద ఏ రాయీ అంచు నిలబెట్టలేదు.